రాతి జాయింట్ షియర్ టెస్టులో వచ్చిన కొహిజన్‌ను వాలు డిజైన్‌లో వాడొచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. రోడ్డు కోసం తొలిచిన రాతి వాలులో ఒక జాయింట్ సెట్ (ఒకే దిశలో సాగే పగుళ్ల వరస) 35 డిగ్రీల వంపుతో రోడ్డు వైపే దిగుతోంది. దాని మీద జారే అవకాశమున్న పలక మందం నిలువుగా కొలిస్తే దాదాపు 6 మీటర్లు. 54 మి.మీ. కోర్‌లో (డ్రిల్లింగ్‌తో తీసిన గుండ్రటి రాతి కడ్డీలో) దొరికిన ఒక జాయింట్ ముక్కను ల్యాబ్‌కు పంపారు. వాళ్లు ఆ ఒక్క నమూనా మీదే 1, 3, 5 ఎంపీఏ (మెగాపాస్కల్) నార్మల్ స్ట్రెస్‌ల (జాయింట్‌కు లంబంగా నొక్కే ఒత్తిడి) దగ్గర వరసగా షియర్ చేసి (పై ముక్కను పక్కకు జరిపి), కొహిజన్ (నొక్కే ఒత్తిడి లేకున్నా ఉండే అతుకు బలం) 0.33 ఎంపీఏ, ఘర్షణ కోణం 39 డిగ్రీలు అని రిపోర్టు ఇచ్చారు. ఈ అంకెలు నేరుగా వాడొచ్చా, వాడకూడదంటే మిగిలిన మూడు ముక్కలతో ఏం చేయించాలి అన్నది మీ సందేహం.

వాడొద్దు. ముఖ్యంగా ఆ 0.33 ఎంపీఏ కొహిజన్‌ను లెక్కలోకి అస్సలు రానివ్వకండి. అది మీ జాయింట్‌కు ఉన్న గుణం కాకపోవచ్చు. టెస్టుకు ఎంచుకున్న స్ట్రెస్‌ల వల్ల, ఒకే నమూనాను మళ్లీ మళ్లీ అరగదీయడం వల్ల పుట్టిన అంకె అయ్యే అవకాశమే ఎక్కువ. మిగిలిన ముక్కలను మీ వాలులో నిజంగా ఉండే స్ట్రెస్ దగ్గర, ఒక్కో ముక్కకు ఒక్కో స్ట్రెస్ చొప్పున, నిలువు కదలికను కూడా కొలుస్తూ చేయించండి.

ఎందుకో వివరంగా చెబుతాను. ఈ ఒక్క విషయం దగ్గర జరిగే పొరపాటు వాలు భద్రతను కాగితం మీద రెండు మూడు రెట్లు పెంచి చూపిస్తుంది.

ముందు స్ట్రెస్ సంగతి. రాతి బరువును ఘనపు మీటరుకు 26 కిలోన్యూటన్లు అనుకుందాం. 6 మీటర్ల మందం, 35 డిగ్రీల వంపు ఉంటే జాయింట్ మీద పడే నార్మల్ స్ట్రెస్ 26 × 6 × కాస్ స్క్వేర్ 35, అంటే సుమారు 105 కిలోపాస్కల్స్. గుండ్రంగా 0.1 ఎంపీఏ. మీ ల్యాబ్ మొదలుపెట్టిందే దానికి పది రెట్ల దగ్గర, ముగించింది యాభై రెట్ల దగ్గర. నేల పైభాగంలోని వాలుల్లో జాయింట్లు చూసే స్ట్రెస్ చాలా తక్కువ. ఆ తక్కువ స్ట్రెస్ దగ్గరే జాయింట్ ప్రవర్తన సరళ రేఖకు బాగా దూరంగా ఉంటుంది.

కారణం గరుకుతనం. రంపం పళ్ల లాంటి ఉపరితలాలతో చేసిన ప్రయోగాలతో ప్యాటన్ అనే పరిశోధకుడు 1966లోనే దీన్ని స్పష్టంగా చూపించాడు. నార్మల్ స్ట్రెస్ తక్కువగా ఉన్నప్పుడు పై ముక్క పళ్లను ఎక్కి దాటుతుంది. అప్పుడు కనిపించే కోణం రాతి మూల ఘర్షణ కోణం, పంటి వాలు కోణం కలిసినంత ఉంటుంది. స్ట్రెస్ పెరిగితే ఎక్కడం కన్నా పళ్లను తెంపేయడమే సులువవుతుంది, గ్రాఫ్ వాలు తగ్గుతుంది. నిజమైన జాయింట్‌లో పళ్లన్నీ ఒకే కొలతలో ఉండవు కాబట్టి ఈ మార్పు ఒక్కసారిగా రాదు, మెల్లగా వంగే వక్రంగా వస్తుంది. ఆ వక్రానికి బార్టన్, చౌబే 1977లో ఇచ్చిన రూపాన్నే ఇప్పటికీ ఎక్కువమంది వాడుతున్నారు:

గరిష్ఠ షియర్ స్ట్రెంత్ = నార్మల్ స్ట్రెస్ × ట్యాన్ (అవశేష ఘర్షణ కోణం + జేఆర్‌సీ × లాగ్ (జేసీఎస్ ÷ నార్మల్ స్ట్రెస్))

అవశేష ఘర్షణ కోణం అంటే పళ్లు అరిగిపోయాక మిగిలే కోణం. జేఆర్‌సీ అంటే 0 నుంచి 20 వరకు ఉండే గరుకుతనం అంకె. జేసీఎస్ అంటే జాయింట్ గోడ సంపీడన బలం. లాగ్ పదికి ఆధారమైనది. ఈ సమీకరణంలో కొహిజన్ అన్న పదమే లేదని గమనించండి.

ఇప్పుడు ఓ సాధారణ జాయింట్‌ను తీసుకుందాం. జేఆర్‌సీ 10, జేసీఎస్ 100 ఎంపీఏ, అవశేష కోణం 28 డిగ్రీలు. మీ ల్యాబ్ వాడిన స్ట్రెస్‌ల దగ్గర ఈ సమీకరణం ఇచ్చే బలాలు: 1 ఎంపీఏ దగ్గర 1.11, 3 దగ్గర 2.82, 5 దగ్గర 4.35 ఎంపీఏ. ఈ మూడు బిందువుల గుండా సరళ రేఖ గీయండి. వాలు 39 డిగ్రీలు, నిలువు అక్షాన్ని తాకే చోటు 0.33 ఎంపీఏ. సరిగ్గా మీ రిపోర్టులో ఉన్న అంకెలే. కొహిజన్ సున్నా అయిన జాయింట్ నుంచి 0.33 ఎంపీఏ కొహిజన్ పుట్టుకొచ్చింది. బిందువులు రేఖ మీద చక్కగా కూర్చుంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు.

అదే జాయింట్‌కు మీ వాలులోని 0.1 ఎంపీఏ దగ్గర సరళ రేఖ 0.41 ఎంపీఏ బలం ఉందంటుంది. వక్రం 0.16 అంటుంది. రెండున్నర రెట్ల తేడా! జాయింట్ వెంట పలకను కిందికి లాగే స్ట్రెస్ 0.1 × ట్యాన్ 35, అంటే 0.07. నీరు లేదనుకుంటే, రేఖ ప్రకారం భద్రతా గుణకం (నిలబెట్టే బలాన్ని కిందికి లాగే స్ట్రెస్‌తో భాగిస్తే వచ్చేది) 5.9, వక్రం ప్రకారం 2.3.

ఆ 2.3 కూడా చివరి మాట కాదు, దాని సంగతి కింద చెబుతాను.

ఒకే నమూనాను మూడుసార్లు షియర్ చేయడం వల్ల ఇదే తప్పు ఇంకాస్త పెరుగుతుంది. మొదటి దశలో పళ్లు కొన్ని విరుగుతాయి, కొన్ని అరుగుతాయి, మధ్యలో పొడి చేరుతుంది. రెండో దశ మొదలయ్యేసరికి అది పాత జాయింట్ కాదు. తక్కువ స్ట్రెస్ దగ్గర తాజా జాయింట్ బలం, ఎక్కువ స్ట్రెస్ దగ్గర అరిగిన జాయింట్ బలం కొలిచి రెండింటినీ ఒకే గీతతో కలుపుతున్నాం. దాంతో గీత కుడి కొస కిందికి వంగి ఘర్షణ కోణం తగ్గుతుంది, ఎడమ కొస పైకి లేచి కొహిజన్ పెరుగుతుంది. కోణం తక్కువ వచ్చింది కదా, జాగ్రత్త వైపే ఉన్నాం అనుకునేవాళ్లు చాలామంది. తక్కువ స్ట్రెస్ ఉండే వాలులో బలాన్ని నిర్ణయించేది ఆ పెరిగిన కొహిజనే. కాబట్టి అది ప్రమాదం వైపున్న పొరపాటు.

నమూనాలు దొరకనప్పుడు బహుళ దశల టెస్టు తప్పదు, నేనూ చేయిస్తాను. అప్పుడు తక్కువ స్ట్రెస్‌తో మొదలుపెట్టాలి. ప్రతి దశలోనూ గరిష్ఠం రాగానే ఆపి, ముక్కను మొదటి స్థానానికి తెచ్చి, పొడి తుడిచి మళ్లీ మొదలుపెట్టాలి. వచ్చిన వాటిలో మొదటి దశ గరిష్ఠాన్ని మాత్రమే నిజమైన గరిష్ఠంగా తీసుకుంటాను. మిగతా దశలు అవశేష బలానికి పనికొస్తాయి, అందుకు అవి చాలా మంచివి కూడా. మీ ల్యాబ్ ఇచ్చిన 3, 5 ఎంపీఏ దశల్లో షియర్ బాగా ముందుకు సాగాక స్థిరపడిన విలువలుంటే అడిగి తీసుకోండి. వాటి గుండా సున్నా నుంచి గీసిన గీత మీ జాయింట్ అవశేష కోణానికి మొదటి అంచనా ఇస్తుంది. ఆ రకంగా పాత టెస్టు పూర్తిగా వృథా కాదు.

ఇక టెస్టు ఎలా చేయించాలి అన్నది. దీనికి ఐఎస్‌ఆర్‌ఎం (అంతర్జాతీయ రాక్ మెకానిక్స్ సంఘం) సూచించిన పద్ధతి ఉంది, 1974 నాటి దాన్ని 2014లో సవరించారు. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డీ5607 కూడా ఉంది. ల్యాబ్‌లన్నీ వీటిలో ఒకటి పాటించామనే రాస్తాయి. వాటిలోని అన్ని అంశాలూ ఇక్కడ చెప్పను, ఫలితాన్ని నిజంగా మార్చేవాటి దగ్గరే ఆగుతాను.

అన్నిటికన్నా ముందు మెషిన్ సామర్థ్యం. 54 మి.మీ. కోర్‌కు అడ్డంగా ఉన్న జాయింట్ వైశాల్యం సుమారు 23 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 0.1 ఎంపీఏ రావాలంటే కావలసిన లోడ్ 230 న్యూటన్లు, దాదాపు 23 కిలోల బరువు. 100 కిలోన్యూటన్ల లోడ్ సెల్ (లోడ్‌ను కొలిచే పరికరం) ఉన్న మెషిన్‌లో అది సామర్థ్యంలో అర శాతం కూడా కాదు. దాని రీడింగ్‌ను నమ్మలేం. ల్యాబ్‌లు 1 ఎంపీఏ నుంచి మొదలుపెట్టడానికి చాలాసార్లు అసలు కారణం ఇదే, అంతకన్నా కింద వాళ్ల మెషిన్ స్థిరంగా నిలబడదు. కాబట్టి లోడ్ సెల్ సామర్థ్యమెంత అని టెస్టుకు ముందే అడగండి. తక్కువ స్ట్రెస్‌కు నేరుగా బరువులు వేలాడదీసే లివర్ పద్ధతే మంచిది. పై పెట్టె బరువును కూడా లెక్కలో కలపాలి. 10 కిలోల పెట్టె ఈ చిన్న ముక్క మీద 0.04 ఎంపీఏకు పైగా స్ట్రెస్ ఇస్తుంది. మీరు కోరుకున్న 0.1లో అది దాదాపు సగం. 5 ఎంపీఏ దగ్గర ఎవరికీ పట్టని ఈ వివరం మీ విషయంలో ఫలితాన్నే మార్చేస్తుంది.

చేతి పంపుతో నడిచే పోర్టబుల్ షియర్ బాక్స్ అయితే ఇంకో జాగ్రత్త కావాలి. జాయింట్ ఎక్కి పైకి లేచేకొద్దీ జాక్‌లో నూనె నొక్కుకుపోయి నార్మల్ లోడ్ తనంతట తనే పెరుగుతుంది. ప్రతి రీడింగ్ దగ్గరా లోడ్‌ను సరిచేస్తూ ఉండాలి. లేకపోతే స్థిర నార్మల్ లోడ్ టెస్టు అని రాసుకున్నది స్థిరంగా ఉండదు.

తర్వాత నమూనాను అచ్చులో కూర్చోబెట్టడం. రెండు ముక్కలూ ఒకదానిలో ఒకటి ఎలా ఇమిడి ఉన్నాయో అలాగే ఉంచి, తీగతో బిగించి, సిమెంట్ గ్రౌట్‌లోనో గట్టి జిప్సమ్‌లోనో పోయాలి. జాయింట్‌కు రెండు వైపులా కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి, లేకపోతే అచ్చు పదార్థమే ఒకదానికొకటి రాసుకుంటుంది. జాయింట్ సగటు తలం షియర్ దిశకు సమాంతరంగా ఉండాలి. అది 3 డిగ్రీలు పైకి వాలినా మీ కోణం నేరుగా 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగి సరిగా ఇమడని ముక్కలు పెట్టినా గరిష్ఠం బాగా పడిపోతుంది. నా దగ్గరకు వచ్చిన గ్రాఫుల్లో గరిష్ఠమే లేకుండా మెల్లగా పైకెక్కేవి కనిపిస్తే మొదట అడిగేది అచ్చు పోసేటప్పుడు తీసిన ఫోటోల గురించే.

షియర్ దిశ కూడా ముఖ్యం. గరుకుతనం అన్ని దిశల్లో ఒకేలా ఉండదు, ఎదురు దిశలో కూడా మారుతుంది. కోర్ ముక్క మీద వంపు దిశ గుర్తు ఉంటే ఆ దిశలోనే షియర్ చేయాలి. గుర్తు లేకపోతే రిపోర్టులో ఆ మాట రాయించండి.

నిలువు కదలికను నాలుగు మూలలా కొలవాలి. ఇది లేని టెస్టును నేను సగం టెస్టుగానే చూస్తాను. నాలుగు గేజ్‌ల సగటు డైలేషన్‌ను (పై ముక్క పైకి లేచే కదలికను) ఇస్తుంది, వాటి మధ్య తేడా పై ముక్క పక్కకు వాలుతోందో లేదో చెబుతుంది. ఓ ఫైల్‌లో షియర్ గ్రాఫ్ చూడటానికి ఎంతో అందంగా ఉంది. మూలల రీడింగులు తెప్పించి చూస్తే ముందు రెండూ కిందికి, వెనక రెండూ పైకి పోతున్నాయి. పై ముక్క జారడం లేదు, ముందు అంచు మీద ఆని తిరుగుతోంది. ఆ గ్రాఫ్‌లో కనిపించిన గరిష్ఠం జాయింట్ బలం కాదు.

డైలేషన్ ఉంటే ఇంకో గొప్ప లాభం ఉంది. గరిష్ఠం దగ్గర నిలువు కదలికకూ అడ్డ కదలికకూ ఉన్న నిష్పత్తి నుంచి ఆ క్షణంలో పై ముక్క ఏ కోణంలో ఎక్కుతోందో తెలుస్తుంది. కనిపించిన కోణంలోంచి దాన్ని తీసేయొచ్చు. కోణం 52 డిగ్రీలు, ఎక్కే కోణం 20 డిగ్రీలు అయితే మిగిలేది 32. ఒకే సెట్‌కు చెందిన వేర్వేరు ముక్కల గరిష్ఠాలు చెల్లాచెదురుగా ఉన్నా, ఇలా సరిచేసిన కోణాలు చాలావరకు దగ్గరకు వస్తాయి. చిన్న కోర్ ముక్క గరుకుతనం పెద్ద వాలుకు వర్తించదు, కానీ ఈ సరిచేసిన కోణం వర్తిస్తుంది. దానికి వాలు దగ్గరే కొలిచిన పెద్ద అలల కోణాన్ని విడిగా, ఆలోచించి కలుపుకోవచ్చు. కోర్ తప్ప ఇంకేమీ లేనప్పుడు నేను ఎక్కువగా నమ్మేది ఈ దారినే.

వేగం గురించి చాలామంది అడుగుతారు. నిమిషానికి 0.1 నుంచి 0.2 మి.మీ. చాలు. ఇక వైశాల్యం తగ్గడం సంగతి: 54 మి.మీ. గుండ్రటి ముక్క 5 మి.మీ. జారేసరికి ఆనే వైశాల్యం దాదాపు 12 శాతం తగ్గుతుంది. రెండు స్ట్రెస్‌లనూ ఒకే వైశాల్యంతో భాగిస్తాం కాబట్టి కోణం మారదు గానీ, ఆ బిందువు గ్రాఫ్ మీద ఎక్కడ ఉందన్నది మారుతుంది. సరిచేశారో లేదో అడిగితే సరిపోతుంది.

ఇప్పుడు పైన ఆపిన 2.3 దగ్గరకు వద్దాం. ఆ జేఆర్‌సీ 10, జేసీఎస్ 100 అన్నవి పది సెంటీమీటర్ల ముక్కకు చెందినవి. జాయింట్ పొడవు పెరిగేకొద్దీ చిన్న పళ్ల ప్రభావం తగ్గుతుంది. బార్టన్, బాండిస్ 1982లో ఇచ్చిన సవరణ ప్రకారం, ఒక మీటరు పొడవైన జాయింట్ దిమ్మెకు జేఆర్‌సీ 10 కాస్తా 6.3 అవుతుంది, జేసీఎస్ 100 కాస్తా 50 అవుతుంది. 0.1 ఎంపీఏ దగ్గర కోణం 58 నుంచి 45 డిగ్రీలకు దిగుతుంది. భద్రతా గుణకం 1.4. గతంలో ఎప్పుడో కాస్త జారి పళ్లు అరిగిపోయిన జాయింట్ అయితే 28 డిగ్రీల అవశేష కోణమే మిగులుతుంది, అప్పుడు 0.76. అంటే అది నిలబడదు. ఒకే జాయింట్‌కు 5.9 నుంచి 0.76 దాకా వచ్చాయి. వాలు వంపునూ పలక బరువునూ మార్చలేదు, ఏ బలాన్ని ఎంచుకున్నామన్నదే మారింది. జాయింట్‌లో నీటి పీడనం ఉంటే ఈ నాలుగూ ఇంకా తగ్గుతాయి. వర్షాకాలపు నీటి మట్టాన్ని లెక్కలో పెట్టకుండా ఏ గుణకాన్నీ నమ్మకండి.

జాయింట్‌లో పూత గానీ మట్టి గానీ ఉంటే పైన చెప్పిన లెక్కలు చాలావరకు పనికిరావు. బంకమట్టి పొర మందం గరుకుతనం ఎత్తును మించితే, ఇటు రాయి అటు రాయిని తాకదు. బలం మట్టిదే. 1963లో ఇటలీలోని వయోంట్ జలాశయంలోకి కొండ జారిపడి, పొంగిన అలకు దాదాపు 2000 మంది చనిపోయారు. అక్కడ సున్నపురాయి పొరల మధ్య ఉన్న సన్నని బంకమట్టి పొరల పాత్ర తర్వాతి పరిశోధనల్లో బయటపడింది. డ్రిల్లింగ్ నీరు ఇలాంటి మట్టిని కడిగేస్తుంది. ల్యాబ్‌కు చేరేది శుభ్రమైన, గరుకైన, బలమైన జాయింట్. నేను చూసిన ఓ వాలులో కోర్ ముక్కలన్నీ శుభ్రంగా ఉన్నాయి, బయటకు కనిపిస్తున్న అదే సెట్ జాయింట్లలో వేలు దూర్చితే తడి బంకమట్టి వచ్చింది. అక్కడ డిజైన్‌కు పనికొచ్చింది ఆ మట్టి మీద మెల్లగా చేసిన షియర్ టెస్టే. మీ వాలు దగ్గరకు స్వయంగా వెళ్లి జాయింట్లు తెరిచి చూడండి. ఈ పనిని ఏ మెషిన్ చేయలేదు.

పైదంతా స్థిర నార్మల్ లోడ్ టెస్టు గురించే. వాలులో పలక పైకి లేవడానికి అడ్డు లేదు కాబట్టి మీకు అదే సరైనది. సొరంగంలోనో, బోల్టులతో బిగించిన దిమ్మెల్లోనో, రాతిలో దింపిన పైల్ గోడ దగ్గరో డైలేషన్‌కు చుట్టూ ఉన్న రాయి అడ్డుపడుతుంది. అక్కడ స్థిర దృఢత్వం టెస్టు (ముక్క పైకి లేచేకొద్దీ నార్మల్ లోడ్ పెరిగేది) కావాలి. మీరిప్పుడు దానికి డబ్బు పెట్టనక్కర్లేదు.

మీ దగ్గర మిగిలిన మూడు ముక్కల సంగతి. షియర్‌కు ముందు ప్రతి ముక్కకూ ఫోటోలు, షియర్ దిశలో గరుకుతనం ప్రొఫైల్ తీయించండి. జాయింట్ గోడ మీద ఎల్ రకం ష్మిట్ హ్యామర్ (తిరిగి ఎగిరే తీరును బట్టి రాతి గట్టిదనం చెప్పే సుత్తి) కొట్టాలి గానీ ఈ ముక్కల మీద కాదు, అవి చితికిపోతాయి. వాలులోనే బయటపడిన అదే సెట్ జాయింట్ల మీద కొట్టించండి. అదే రాతికి చెందిన జాయింట్ లేని కోర్‌ను రంపంతో కోసి, ఆ నున్నటి ముఖాల మీద టిల్ట్ టెస్టు (పై ముక్క జారేదాకా వాల్చి ఆ కోణం కొలవడం) ఐదుసార్లు చేసి మధ్యస్థ విలువ తీసుకోండి. అది మూల ఘర్షణ కోణం. తడిసిన జాయింట్ గోడ మీద వచ్చిన ష్మిట్ రీడింగ్‌ను తాజా రాతి రీడింగ్‌తో భాగించి, 20తో గుణించి, మూల కోణంలోంచి 20 తీసేయగా మిగిలినదానికి కలపండి. మూల కోణం 30, రీడింగులు 36, 40 అయితే అవశేష కోణం 10 + 18, అంటే 28. టిల్ట్ టెస్టు కోసం పెద్ద మెషిన్ అక్కర్లేదు, మీ ఆఫీసులోనే చేయొచ్చు.

తర్వాత మూడు ముక్కలనూ 0.1, 0.25, 0.5 ఎంపీఏల దగ్గర, ఒక్కోదాన్ని ఒక్కసారే, గరిష్ఠం దాటి స్థిరపడేదాకా షియర్ చేయించండి. బిందువులన్నీ సంఖ్యల రూపంలో అడగండి, గ్రాఫ్ బొమ్మ చాలదు. షియర్ అయ్యాక ముఖాల ఫోటోలు కూడా కావాలి, ఎక్కడ అరిగిందో అవే చూపిస్తాయి. ఒక మీటరు, రెండు మీటర్ల బద్దలు పట్టుకెళ్లి వాలులోని జాయింట్ల అలల ఎత్తు కొలవండి. అవశేష కోణం, సరిచేసిన కోణం, పెద్ద అలల కోణం చేతికొచ్చాక నీటి పీడనంతో లెక్క మళ్లీ చేయండి. మూడు ముక్కల్లో ఒకటి అచ్చు పోసేటప్పుడు విడిపోయి సరిగా ఇమడకపోతే దాన్ని గరిష్ఠానికి వాడకుండా అవశేష బలానికి మాత్రమే వాడించండి.